గండుచీమ కుట్టినట్టు

పిల్లల వార్డు చివర చిన్న గది. మంచం మీద అమ్మమ్మ, అమ్మమ్మ ఒళ్ళో వాంతులతో వాడిపోయిన ఏడేళ్ళ మనవరాలు, ఎదురుగా స్టూలు మీద సెలైన్ పెట్టడానికి వచ్చిన కొత్త నర్సు. ముగ్గురిలో ఎవరికి ఎక్కువ భయమో చెప్పడం కష్టం.

"ఏ చీమ?"

"ఏదో ఒక చీమలే తల్లీ. చీమ కుట్టినట్టుంటుంది, అంతే. ఇలా చిటుక్కుమంటుంది, అలా పోతుంది."

"ఏ చీమ అమ్మమ్మా? నల్ల చీమా, ఎర్ర చీమా?"

"నల్లదే. నల్ల చీమ అసలు కుట్టదు కూడా."

"కుట్టకపోతే కుట్టినట్టు ఎలా ఉంటుంది?"

"చూశారా సిస్టరమ్మా? వీళ్ళ నాన్న దీన్ని లాయరమ్మ అనేది ఊరికే కాదు. పొద్దుట్నుంచి గుక్కెడు నీళ్ళు కడుపులో నిలవలేదు, కళ్ళు లోపలికి పోయాయి, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. మీరైనా చెప్పండి, నల్ల చీమేనని."

"చెప్పలేనండీ అమ్మమ్మగారూ."

"చెప్పలేరా?"

"చెప్పకూడదు. మా వార్డులో కొత్త పద్ధతి పెట్టారు. సెలైన్ పెట్టేముందు పిల్లలతో అబద్ధం ఆడకూడదు. చీమ అనకూడదు, దోమ అనకూడదు, నొప్పే ఉండదు అనకూడదు."

"మరేమనాలి?"

"ఎలా ఉంటుందో అలాగే చెప్పాలి."

"అయితే చెప్పండి సిస్టర్. ఏ చీమ?"

"అదీ... అంటే..."

"ఏ చీమ?"

"గండుచీమ."

"అయ్యో అయ్యో! సిస్టరమ్మా!"

"ఆగండి, పూర్తిగా విను పాపా. ఇందాక నీ రెండు చేతులకీ క్రీము రాశాను కదా? దాంతో చర్మం మొద్దుబారుతుంది. క్రీము బాగా పనిచేస్తే చిన్న చీమ. పనిచెయ్యకపోతే గండుచీమ."

"గండుచీమ అంటున్నారు పసిదాని ముందు! చిన్నపిల్ల కదమ్మా. నిజం చెప్తే భయపడుతుంది. అదే ఒక చిన్న అబద్ధం చెప్పారనుకోండి, చిటికెలో పనైపోతుంది. నా పిల్లలందర్నీ అబద్ధాలతోనే పెంచాను నేను. ఏం, లక్షణంగా పెరగలేదూ?"

"అమ్మ ఇప్పటికీ ఇంజెక్షనంటే మంచం కిందికి దూరుతుంది."

"అది వేరే సంగతి."

"మొన్న నాకూ అబద్ధమే చెప్పావు. ఫోటో తీస్తారన్నావు."

"ఎప్పుడు?"

"వేరే ఆస్పత్రిలో. ఫోటో తీస్తారు, నవ్వు అన్నావు. నేను నవ్వుతూ కూర్చున్నా. పొడిచేశారు."

"నవ్వావు కదా మరి. ఏడవలేదు కదా."

"పొడిచాక ఏడ్చా! అప్పుడు నువ్వూ, నాన్నా, ఆయమ్మా, ఇంకెవరో బయట కుర్చీలో కూర్చున్నాయనా, అందరూ కలిసి నన్ను పట్టుకున్నారు. ఆయనెవరు అసలు?"

"ఎవరో పుణ్యాత్ముడమ్మా. సాయానికొచ్చాడు."

"ఆయన నా కాలు పట్టుకున్నాడు. నాకు పొడిచింది చేతికి."

"పాపా, ఇక్కడ ఎవరూ అలా పట్టుకోరు. అందుకే అమ్మమ్మ ఒళ్ళో కూర్చోబెట్టాను. అదీ కొత్త పద్ధతే."

"మంచిదేనా ఆ పద్ధతి?"

"మంచిదే. కాస్త ఆలస్యమవుతుంది, అంతే."

"ఎవరికి మంచిది? మీకా, నాకా?"

"నీకు. అలవాటయ్యాక నాకూ మంచిదే అవుతుందంటున్నారు."

"ఎవరంటున్నారు?"

"మా పెద్ద సిస్టర్. ఈ పద్ధతి పెట్టింది ఆవిడే. సరే, ఇప్పుడు చెప్తా విను. చెయ్యి ఏదో నువ్వే ఎంచుకుంటావు. ఎప్పుడు పొడవాలో నువ్వే చెప్తావు. నువ్వు 'కానివ్వండి' అనేదాకా నేను సూది ముట్టను."

"అననే అనకపోతే?"

"అనకపోతే... ఇలాగే కూర్చుంటాం."

"ఎప్పటిదాకా?"

"అయ్యో రామా! ఇదెక్కడి పద్ధతమ్మా! దానికి పెళ్ళయ్యేదాకా ఇక్కడే కూర్చుంటాం."

"అంతసేపు కుదరదండీ. పాపా, నీ పెదాలు ఎండిపోయాయి చూడు. ఒంట్లో నీళ్ళు తగ్గిపోయాయి. ఎంత ఆలస్యమైతే నరాలు అంత లోపలికి దాక్కుంటాయి. క్రీము కూడా ఎల్లకాలం పనిచెయ్యదు. ఇది మాత్రం బెదిరింపు కాదు, నిజం."

"ఊఁ. ఇంకేమున్నాయి పద్ధతులు?"

"ఒక నర్సు రెండుసార్లే ప్రయత్నించాలి. రెండుసార్లూ దొరక్కపోతే లేచి వేరేవాళ్ళని పిలవాలి. ఇదివరకైతే పంతం కొద్దీ పొడుస్తూనే ఉండేవాళ్ళం."

"మీరూనా?"

"అమ్మమ్మగారూ, కాసిని మంచినీళ్ళు తాగుతారా?"

"మాట మార్చకండి సిస్టర్."

"నేనూ."

"మీకు ఒకేసారికి దొరుకుతుందా?"

"ఒక్కోసారి."

"నిన్న దొరికిందా?"

"నిన్న... నిన్న పిల్లాడు చాలా బొద్దుగా ఉన్నాడు."

"దొరికిందా?"

"లేదు."

"మొన్న?"

"మొన్న నాకు సెలవు."

"సెలవుకి ముందు?"

"సెలవుకి ముందు పిల్లాడు చాలా సన్నగా ఉన్నాడు."

"అమ్మమ్మా, నేను లావా సన్నమా?"

"నువ్వా? నువ్వు సరిగ్గా ఉన్నావు బంగారం. కొలిచి పోసినట్టున్నావు. సిస్టరమ్మా, తప్పుగా అనుకోకండి గానీ, మీ వార్డులో ఇంకెవరూ లేరా?"

"ఉన్నారండీ. ఇవాళ నా వంతు."

"మీకు అబద్ధాలాడే పాత పద్ధతిలో బాగా వచ్చేదా?"

"అప్పుడూ ఇంతేనండీ."

"మరి ఏడ్చినట్టే ఉంది!"

"అమ్మమ్మా, సిస్టర్‌ని అలా అనకు. నిజమే చెప్తోంది కదా."

"థాంక్స్ పాపా. ఏదీ, చేతులు చూపించు. కుడి చెయ్యి, ఇదిగో, క్రీము మీద అతికించిన ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది. ఎడమ చేతిది ఏదీ?"

"ఏది?"

"ప్లాస్టిక్ కాగితమండీ. ఎడమ చేతి మీద కూడా అతికించాను కదా."

"అదా! అది ఊడిపోయింది."

"దాని కింద క్రీము?"

"నేనే తుడిచేశాను. మళ్ళీ మీకెందుకు శ్రమ అని."

"ఎప్పుడు తుడిచారు?"

"ఇప్పుడే."

"ఇప్పుడే అంటే?"

"ఇప్పుడే, ఇందాక. మీరు వచ్చేముందు. దాదాపు వచ్చేశాక."

"అలా అయితే ఫర్వాలేదు. ఉండాల్సినంతసేపు ఉన్నట్టే. ఇంకెప్పుడూ మీరు తుడవకండి. సరే పాపా, నువ్వు బొమ్మలేసేది ఏ చేత్తో?"

"కుడి చేత్తో."

"అయితే ఎడమ చేతికి పెడదాం. కుడి చెయ్యి ఖాళీగా ఉంటే మంచం మీద కూర్చుని హాయిగా బొమ్మలేసుకోవచ్చు."

"వద్దు. కుడి చేతికే."

"బొమ్మలు వెయ్యవా మరి?"

"వెయ్యను. కుడి చేతికే పెట్టండి. చెయ్యి నేనే ఎంచుకోవచ్చన్నారుగా?"

"అన్నాను. కానీ ఎందుకో..."

"అవునవును, కుడిదే. కుడిదే మంచిది సిస్టరమ్మా. కుడిచెయ్యి గట్టిది. అది చెప్పిందంటే ఆలోచించే చెప్పి ఉంటుంది."

"సరే, మీ ఇష్టం. అమ్మమ్మగారూ, పాపని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపైంది, మోకాళ్ళు నొప్పి పుట్టట్లేదా?"

"లేదమ్మా. విచిత్రం ఏమిటంటే ఇవాళ హాయిగా ఉంది. ఒక్క మోకాలే అనుకోండి."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. రెండోది మామూలే. పని కానివ్వండి మీరు, మోకాళ్ళ సంగతి ఇప్పుడెందుకు?"

"ఇదిగో పాపా, ఇది రబ్బరు పట్టీ. చేతికి బిగిస్తా. కాస్త నొక్కినట్టుంటుంది."

"ఊఁ. నొక్కినట్టే ఉంది."

"ఇప్పుడు వేలితో నరం వెతుకుతున్నా. ఇది నొప్పి ఉండదు."

"చక్కిలిగిలి పెడుతోంది."

"చక్కిలిగిలి సంగతి నాకు తోచలేదు. ఇదిగో, ఇక్కడుంది. మెత్తగా స్ప్రింగులా తగులుతోంది. ఇప్పుడు దూదితో తుడుస్తా, చల్లగా ఉంటుంది. ఇది సూది. చూస్తావా?"

"చూపించకండి! సిస్టరమ్మా, పిల్లకి సూది చూపించకండి!"

"అమ్మమ్మా, నువ్వు కళ్ళు మూసుకో. నేను చూస్తా. ఈ సూది నా చేతిలోనే ఉంటుందా?"

"ఉండదు. సూది దారి చూపించి బయటికి వచ్చేస్తుంది. లోపల మెత్తటి సన్న గొట్టం ఒక్కటే ఉంటుంది. చెయ్యి వంచినా గుచ్చుకోదు."

"ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. నేను పోయినసారి రాత్రంతా చెయ్యి కదపకుండా పడుకున్నా, సూది గుండెలోకి పోతుందని."

"ఎవరన్నారు అలా?"

"అమ్మమ్మ."

"కదిపితే ఊడిపోతుందని అలా అన్నానమ్మా. మంచికే."

"ఇప్పుడు నువ్వు చెప్పడమే పాపా. అమ్మమ్మగారూ, మీరు మాత్రం కదలకండి, మాట్లాడకండి."

"నేనెందుకు మాట్లాడతాను? నాకేం భయమా? ఎన్ని చూశాను."

"కానివ్వండి."

"అమ్మో! అమ్మో అమ్మో అమ్మో! వద్దు వద్దు! నా తల్లో! నా బంగారు తల్లో!"

"అమ్మమ్మగారూ!"

"అయిపోయిందా? అయిపోయిందా?"

"అమ్మమ్మా, నా చెవి!"

"అయ్యో, నరం జారిపోయింది. పాపా, ఇక్కడ దూది పెట్టి నొక్కుతున్నా. నొప్పిగా ఉందా?"

"లేదు. చిన్న చీమే. చెవి నొప్పిగా ఉంది."

"దొరకలేదు పాపా. ఒకసారి అయిపోయింది. తప్పు నాది."

"అబద్ధం! మీరు అబద్ధం ఆడకూడదు సిస్టర్. అమ్మమ్మ అరిచింది."

"అమ్మమ్మ అరిచారు. నా చెయ్యి కదిలింది. చెయ్యి నాదే కదా?"

"నేనా? నేనేం గట్టిగా అరవలేదే. మనసులో అనుకున్నానంతే."

"పక్క గదిలో ఎవరో పిల్లాడి తాతగారు మందుల గ్లాసు వదిలేశారండీ. చప్పుడు వినబడలేదూ?"

"ఆయన చేతులు వణుకుతాయేమో. నా మీద పెడతారేం?"

"అమ్మమ్మా, నిన్నెవరైనా పొడిచారా?"

"లేదు."

"ఎవరికి పొడిచారు?"

"నీకు."

"మరి ఎవరరవాలి?"

"నువ్వు అరవలేదు కదా తల్లీ. ఎవరో ఒకరు అరవాలి కదా అని..."

"సిస్టర్, ఆ బల్ల మీద డబ్బా ఏమిటి?"

"సబ్బునీళ్ళు. ఊదితే బుడగలొస్తాయి. పిల్లలు బుడగల్ని చూస్తుంటే ధ్యాస అటు పోతుంది. నీకోసమే తెచ్చా. మాటల్లో పడి మర్చిపోయా."

"అమ్మమ్మకివ్వండి."

"అమ్మమ్మకా?"

"నోటికి పని ఉంటే అరవదు. ఊదేటప్పుడు ఎవరూ అరవలేరు. కావాలంటే చూడండి."

"నేను బుడగలు ఊదాలా? ఈ వయసులోనా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"ఇందాకటి అరుపు విని ఏమనుకున్నారో అంతకంటే మంచిగానే అనుకుంటారండీ. తీసుకోండి."

"ఊఁ, ఇవ్వండి. ఖర్మ. ఉఫ్! రావట్లేదు."

"మెల్లగా ఊదాలి అమ్మమ్మా. వేడి పాలు ఊదినట్టు."

"ఉఫ్‌ఫ్‌ఫ్... అబ్బ! చూశావా ఎంతది వచ్చిందో! చూడండి సిస్టరమ్మా!"

"బాగుందండీ. అలాగే ఊదుతూ ఉండండి. పాపా, ఇక ఎడమ చెయ్యి."

"కాసేపాగండి."

"కుడి చేతికి మళ్ళీ అదేచోట పెట్టకూడదు. అందుకని ఎడమది."

"తెలుసు. కాసేపాగండి అంటున్నా."

"ఇందాక చిన్న చీమే అన్నావు కదా? క్రీము బాగా పనిచేసిందన్నమాట. ఇదీ అలాగే ఉంటుంది."

"...ఉంటుందా?"

"ఉండాలి. రెండు చేతులకీ ఒకే క్రీము, ఒకేసారి రాశాను కదా."

"ఊఁ. అమ్మమ్మా, నువ్వు ఊదు. ఆపకు. సిస్టర్, మీకు ఈసారీ దొరక్కపోతే?"

"పద్ధతి చెప్పాను కదా. నేను ఆగిపోతా. పెద్ద సిస్టర్‌ని పిలుస్తా."

"ఆవిడకి ఒకేసారికి దొరుకుతుందా?"

"ఆవిడకా? చీకట్లో కూడా దొరుకుతుంది."

"అయితే ఇప్పుడే పిలవచ్చు కదా?"

"పిలవచ్చు."

"నేను అడిగితే పిలుస్తారా?"

"పిలవాలి. నీ చెయ్యి నీది. పిలవనా?"

"పిలిస్తే మీకేమవుతుంది?"

"ఏమీ కాదు."

"సిస్టర్."

"ఏమీ కాదన్నాగా."

"సిస్టర్, నా మొహం చూసి చెప్పండి."

"నన్ను ఎముకల వార్డుకి పంపిస్తారు."

"ఎముకల వార్డులో పిల్లలుండరా?"

"ఉండరు. కాళ్ళు విరిగిన పెద్దపెద్ద మగవాళ్ళుంటారు. చేతుల నిండా తాళ్ళలాంటి నరాలు. మెట్ల మీంచి విసిరినా సూది నరంలోనే పడుతుంది."

"అయితే మీకు హాయే కదా?"

"హాయే. కానీ అక్కడెవరూ ఏ చీమ అని అడగరు."

"మీకు అడిగితే ఇష్టమా?"

"చెమటలు పడతాయి. కానీ ఇష్టమే. నాకు ఈ వార్డే కావాలి పాపా. పొద్దున్నే వచ్చి పిల్లల మొహాలు చూస్తే గానీ నాకు తెల్లవారినట్టుండదు. ఇవాళే ఆఖరి అవకాశం అన్నారు పెద్ద సిస్టర్. అయినా అది నీ తలనొప్పి కాదు. నీకు ఆవిడే కావాలంటే ఇప్పుడే వెళ్ళి పిలుచుకొస్తా. నిజంగా. కోపం కూడా రాదు."

"ఏడుపు?"

"అది కొంచెం వస్తుంది. గది బయటికి వెళ్ళాక."

"ఉఫ్‌ఫ్... పాపం సిస్టరమ్మా... ఉఫ్‌ఫ్..."

"మాట్లాడకుండా ఊదు అమ్మమ్మా. మీకు దొరికితే ఇక్కడే ఉంచుతారా?"

"దొరికితే చాలదు. ఆవిడ బొమ్మల అట్ట తెస్తారు. నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా వరసగా ఉంటాయి. ఎంత నొప్పి పుట్టిందో పిల్లలు వేలు పెట్టి చూపించాలి. వాళ్ళు ఏది చూపిస్తే అదే లెక్క. మేం చెప్పింది లెక్క కాదు."

"ఏది చూపిస్తే మీకు మంచిది?"

"అది చెప్పకూడదు."

"నవ్వు మొహమా?"

"నేను చెప్పలేదు!"

"సరే. మీకు భయమేస్తోందా సిస్టర్?"

"వేస్తోంది."

"చాలా వేస్తోందా?"

"కొంచెం."

"అయితే ఊపిరి పీల్చండి. ముక్కుతో. ఊఁ. ఇప్పుడు వదలండి. బుడగలు చూడండి, అటు, కిటికీ దగ్గర పెద్దది ఉంది చూడండి. ఎలా ఉంటుందో అలాగే చెప్తున్నా వినండి. ఏడుపొస్తే ఏడుస్తా. కానీ కదలను. మీరెంతసేపు వెతికినా కదలను."

"నిజంగా?"

"నేను కదలను అన్నానంటే కదలను. అడగండి అమ్మమ్మని. ఒకసారి అన్నం తినను అని బల్ల కింద కూర్చుంటే..."

"ఉఫ్‌ఫ్... మర్నాడు పొద్దున దాకా లేవలేదు సిస్టరమ్మా... ఉఫ్‌ఫ్..."

"సరే. ఇదిగో పట్టీ. బిగించా. వెతుకుతున్నా. ఇక్కడా... కాదు. ఇక్కడ... ఉండు... ఇదిగో. దొరికిందనుకుంటా."

"అనుకోకండి. సరిగ్గా చూడండి."

"ఇదే. ఇదే. తుడిచా. సూది తీసుకున్నా. నువ్వు చెప్పాక."

"అమ్మమ్మా, పెద్దది ఊదు. చాలా పెద్దది."

"ఉఫ్‌ఫ్‌ఫ్‌ఫ్..."

"కానివ్వండి."

"ఉఫ్‌ఫ్‌ఫ్‌ఫ్‌ఫ్..."

"పాపా? పాపా, ఊపిరి బిగబట్టావు. వదులు. బాగున్నావా?"

"మాట్లాడకండి. చూడండి. చెయ్యి చూడండి."

"రక్తం కనబడింది."

"అంటే ఏమిటి?"

"దొరికింది! లాయరమ్మా, దొరికింది! ఈ చేతికి ఒకేసారికి! దొరికిందండీ అమ్మమ్మగారూ!"

"అరవకండి సిస్టర్! చెయ్యి కదులుతుంది!"

"అవునవును. అరవను. ఇదిగో సూది తీసేశా. గొట్టం లోపలుంది. ప్లాస్టర్ వేస్తున్నా. ఇప్పుడు కాసిని నీళ్ళు పంపించి చూస్తా, లోపల చల్లగా పాకినట్టుంటుంది."

"ఊఁ. భుజం దాకా చల్లగా ఉంది. బాగుంది."

"నీ కళ్ళల్లో నీళ్ళేమిటి?"

"సబ్బు. బుడగ పగిలి కంట్లో పడింది."

"అమ్మమ్మగారూ, ఇక ఊదడం ఆపొచ్చు."

"ఆపాలా? ఇప్పుడే వాటం కుదిరింది. ఉఫ్‌ఫ్..."

తలుపు తోసుకుని పెద్ద సిస్టర్ వచ్చింది. చేతిలో బొమ్మల అట్ట, నుదుటి మీద వాలి పగిలిన ఒక సబ్బు బుడగ.

"ఏమిటీ గోల? ఈ గదిలోంచి ఇన్ని కేకలా? పాపని ఇంత ఏడిపిస్తారా?"

"పాప కాదక్కా. ఇప్పుడు అరిచింది నేను."

"నువ్వా? మరి ఇందాకటివి?"

"అవి అమ్మమ్మగారివి."

"మరి పాప?"

"పాప మమ్మల్నిద్దర్నీ అరవొద్దని చెప్పింది."

"ఊఁ. ఎన్నోసారికి దొరికింది?"

"రెండోసారికి అక్కా. మొదటిది జారిపోయింది."

"మొదటిది నా వల్లేనమ్మా. ఈ సిస్టరమ్మ ఎంతకీ తప్పు తన మీదే వేసుకుంటోంది గానీ, నేను చిన్నగా ఒక మాటన్నాను..."

"అది మాటా అమ్మమ్మగారూ! ఆ మాటకి నేను కింది అంతస్తు నుంచి మెట్లెక్కి వచ్చాను. సరే పాపా, ఇటు చూడు. ఈ బొమ్మలు చూశావా? ఇది నవ్వుతోంది, అంటే ఏమాత్రం నొప్పి లేదని. ఇది కొంచెం. ఇది ఇంకొంచెం. ఈ చివరిది బావురుమంటోంది. సిస్టర్ ఆ గొట్టం పెట్టినప్పుడు నీకెలా అనిపించింది? సిస్టర్ వైపు చూడకు, అమ్మమ్మ వైపు చూడకు. వేలు పెట్టి చూపించు."

"ఏది పెడితే అది రాసుకుంటారా?"

"అదే రాసుకుంటాను."

"మళ్ళీ మళ్ళీ అడగరుగా?"

"అడగను."

"ఇది."

"ఇదా? నవ్వు మొహమా?"

"మళ్ళీ అడగనన్నారు."

"అడగట్లేదమ్మా, ఆశ్చర్యపోతున్నాను. ఈ అట్ట తెచ్చినప్పట్నుంచీ దీని మీద ఎవరూ వేలు పెట్టలేదు."

"మరి ఎందుకు వేశారు ఆ బొమ్మ?"

"ఎవరైనా పెడతారేమోనని ఆశ కొద్దీ వేశాం. ఏమే, ఇలా రా. ఆ కళ్ళు తుడుచుకో. రేపటి నుంచి పక్క మంచాల పిల్లలకి కూడా నువ్వే పెట్టాలి."

"ఇక్కడేనా అక్కా? ఈ వార్డులోనేనా?"

"ఇంకెక్కడ? పిల్ల నవ్వు మొహం చూపించాక నిన్ను ఎముకల వార్డుకి పంపిస్తే జనం నన్నాడిపోసుకోరూ? పద, సెలైన్ చుక్కలు సరిచేసి, బయటికొచ్చి ఏడువు."

"వెళ్ళొస్తా లాయరమ్మా. సాయంత్రం మళ్ళీ వస్తా. నువ్వు ఏం అడిగినా నిజమే చెప్తా."

"ఊఁ. మీరు నిజమే చెప్పండి సిస్టర్."

నర్సులిద్దరూ వెళ్ళిపోయారు. సెలైన్ చుక్కచుక్కగా దిగుతోంది. అమ్మమ్మకు ఒక్క మోకాలు తప్ప ఒళ్ళంతా బరువుగా ఉంది.

"తల్లీ, నిద్రపోతున్నావా?"

"లేదు."

"నీతో ఒక మాట చెప్పాలి. మరి కోప్పడకూడదు. ఇందాక సిస్టర్ క్రీము రాసి వెళ్ళింది చూడూ, నొప్పి తెలియని మందని..."

"మోకాలికి రాసుకున్నావు."

"చూశావా!"

"చూశా. నేను కళ్ళు మూసుకుని పడుకున్నాననుకున్నావు. ఎడమ చేతి మీద కాగితం లేపి, మొత్తం గీకి, మోకాలికి రాసుకున్నావు. మళ్ళీ ఆ కాగితం కూడా మోకాలికే అతికించుకున్నావు."

"ఇంకా అక్కడే ఉందమ్మా. తీస్తే మళ్ళీ నొప్పొస్తుందేమోనని. ఏం చెయ్యను చెప్పు, రాత్రంతా నిన్ను ఒళ్ళో వేసుకుని కూర్చుంటే మోకాలు సలుపు పట్టింది. కాస్తే తీసుకుందామనుకున్నా, చెయ్యి ఆగలేదు. అందుకేనా కుడి చెయ్యి, కుడి చెయ్యి అని పట్టుబట్టావు?"

"ఊఁ."

"సిస్టర్‌తో ఒక్క మాట చెప్పుంటే మళ్ళీ రాసేది కదే!"

"చెప్తే అందరూ నిన్ను తిడతారు."

"నా బంగారమే! నా తల్లే! మరి ఈ చేతికి నొప్పి పుట్టిందా? నిజం చెప్పు."

"గండుచీమ. దాని పిల్లలు కూడా."

"మరి కంట్లో సబ్బు పడిందన్నావు?"

"పడలేదు."

"మరి నవ్వు బొమ్మ మీద వేలెందుకు పెట్టావే? అబద్ధం ఆడకూడదని పొద్దుట్నుంచీ మమ్మల్ని కాల్చుకు తిన్నావు. ఆ సిస్టర్ నీకు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు, నువ్వేమో ఆ అమ్మాయికే..."

"మెల్లగా అమ్మమ్మా, తలుపు బయటే ఉంది. వింటుంది."

"వింటే విననీ. నిజం తెలిస్తే ఏమవుతుందిట?"

"నిజం చెప్తే భయపడుతుంది అమ్మమ్మా. చిన్నపిల్ల కదా."